బొమ్మ ఉంది, మాట లేదు
టీవీ, స్టీరియో మూగబోతే మెకానిక్‌ను పిలిచేలోగా లోపం ఎక్కడుందో ఇంట్లోనే చాలావరకు తేల్చుకోవచ్చు

సాయంత్రం వార్తల వేళ. టీవీలో బొమ్మ నిక్షేపంగా ఉంది, మాట మాత్రం రావడం లేదు. ఇంటి పెద్దాయన రిమోట్ నొక్కి నొక్కి విసిగిపోతారు. మర్నాడు మెకానిక్ వచ్చి, వెనక ఓసారి తొంగిచూసి 'బోర్డు పోయింది' అని తేల్చేస్తాడు. కాదనడానికి ఇంట్లో ఎవరి దగ్గరా ఆధారం ఉండదు. వేలల్లో బిల్లు, లేదంటే కొత్త టీవీ. బోర్డు పోవడం అసాధ్యమేమీ కాదు. కానీ ఆ తీర్పు అన్నీ చూశాక చివర్లో రావాలి.

శబ్దానికి మూడు మజిలీలు. పుట్టేచోటు సెట్‌టాప్ బాక్స్ లేదా ఫోన్. ప్రయాణించే దారి కేబుల్ లేదా బ్లూటూత్. చేరేచోటు స్పీకర్. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం మరమ్మతు అయిపోయినట్టే. ముందుగా టీవీలోనే ఉన్న ఏదైనా వీడియో యాప్ తెరవాలి. అందులో మాట వినిపిస్తే టీవీ, స్పీకర్ క్షేమం. తప్పు బాక్సుదో, దాని కేబుల్‌దో. అందులోనూ వినిపించకపోతే సౌండ్ సెట్టింగుల్లో 'టీవీ స్పీకర్' ఎంచుకుని చూడాలి. పిల్లలు ఎప్పుడో కలిపిన బ్లూటూత్ హెడ్‌ఫోన్ పక్క గదిలో ఆన్ అయి ఉంటే టీవీ తన శబ్దాన్నంతా దానికే పంపుతుండవచ్చు. హెడ్‌ఫోన్ రంధ్రంలో పిన్ను ఉండిపోయినా చాలా టీవీల్లో స్పీకర్లు ఆగిపోతాయి.

మాట వస్తున్నా మరీ తక్కువగా ఉంటే గుర్తుంచుకోవాల్సింది, ఇంట్లో వాల్యూమ్ ఒకటి కాదు, రెండు. సెట్‌టాప్ బాక్సుకు ఒకటి, టీవీకి ఒకటి. బాక్సులో పది దగ్గర ఆగి ఉంటే టీవీని వందకు పెంచినా లాభం లేదు. బాక్సును పూర్తిస్థాయికి దగ్గరగా పెట్టి, ఆపై టీవీ రిమోట్‌తో సరిచేసుకోవాలి. ఫోన్, బ్లూటూత్ స్పీకర్ల విషయంలోనూ చాలావరకు ఇదే సూత్రం.

సౌండ్‌బార్ కొన్నవారి చిక్కులు వేరు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు మూడు నాలుగున్నా టీవీ శబ్దాన్ని బార్‌కు పంపేది సాధారణంగా ఒక్కటే. దాని పక్కన 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని రాసి ఉంటుంది. కేబుల్ మరోదాంట్లో ఉంటే బార్ మూగదే. సెట్టింగుల్లో సీఈసీ కూడా ఆన్‌లో ఉండాలి. దీన్నే శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అని, ఎల్జీ సింప్లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పిలుస్తాయి. ఆప్టికల్ కేబుల్ వాడేవారు దాని కొసలకు ఉండే చిన్న ప్లాస్టిక్ తొడుగులు తీశారో లేదో చూసుకోవాలి. కొన్ని ఛానళ్లకు, కొన్ని సినిమాలకే శబ్దం రాకపోతే వాటి 5.1 ఫార్మాట్ ఆ పరికరానికి అర్థం కావడం లేదేమో. డిజిటల్ ఔట్‌పుట్‌ను 'పీసీఎం' లేదా 'స్టీరియో'కు మారిస్తే మాట తిరిగి రావచ్చు.

అటకెక్కిన పాత స్టీరియోలను పారేసేముందు కూడా ఓసారి పరీక్షించడం మంచిది. ఆంప్లిఫయర్ మీది 'టేప్ మానిటర్' మీట నొక్కి ఉంటే రేడియో, రికార్డు ప్లేయర్ రెండూ వినిపించవు. ఒక స్పీకరే పలకకపోతే బ్యాలెన్స్ చూసి, ఆంప్లిఫయర్ ఆపి, కుడిఎడమ స్పీకర్ల వైర్లను దాని దగ్గర తారుమారు చేయాలి. మౌనం రెండో స్పీకర్‌కు మారితే లోపం ఆంప్లిఫయర్‌దో, దానికి ముందున్నదాందో. మౌనం మారకపోతే స్పీకర్‌ది, లేదా దాని వైరుది. ఇక్కడితో ఆగాలి. మూత విప్పకూడదు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు మిగిలి ఉండవచ్చు.

మెకానిక్ అవసరం పడినా ఈ వివరాలు వృథా పోవు. 'యాప్‌లో మాట వస్తోంది, బాక్సులో రావడం లేదు' అని చెప్పగలిగితే బోర్డు బేరం అక్కడే తేలిపోతుంది. వారంటీ ఉంటే కంపెనీ సర్వీసుకే కబురు చేసి, కారణం కాగితం మీద రాయించుకోవాలి. న్యాయం జరగలేదనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అన్నీ సరిగానే ఉన్నా 'శబ్దం వస్తోంది గానీ మాట అర్థం కావడం లేద'నే ఫిర్యాదు ఒకటి మిగిలిపోతుంది. ఇందులో టీవీ తప్పు కొంత ఉంది. పలచబడిన టీవీల్లో స్పీకర్లు చాలావరకు కిందికో, వెనక్కో తిరిగి ఉంటాయి. మాట గోడకు తగిలి వస్తుంది. పైగా 5.1 సినిమాల్లో సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు ఉద్దేశించినవి. రెండు స్పీకర్లలోకి కుదించినప్పుడు నేపథ్య సంగీతం వాటిని మింగేస్తుంది. బాస్ తగ్గించి, మాట స్పష్టతకు ఇచ్చిన మోడ్ పెడితే కొంత తేట పడుతుంది.

మిగతా కారణం చెవిలో ఉండవచ్చు. వయసుతోపాటు సాధారణంగా ముందుగా తగ్గేది సన్నని ధ్వనుల వినికిడి. స, ష లాంటి హల్లులను పట్టించేవి అవే. అందుకే పెద్దవారికి గొంతు వినిపిస్తుంది, మాట అందదు. 60 దాటినవారిలో నాలుగో వంతుకు పైగా వైకల్య స్థాయి వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో అందరూ 'తగ్గించండి' అంటుంటే ఒక్కరే 'పెంచండి' అంటున్నారంటే వారిని విసుక్కోకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆడియోమెట్రీ పరీక్షకు నొప్పి ఉండదు, ఎక్కువ సమయమూ పట్టదు. టీవీని మార్చినంత ఖర్చూ కాదు.