పీతకో బుల్లి సముద్రం

అమెరికాలో బీచ్‌కి షికారెళ్లిన పిల్లలు మారాం చేసి మరీ కొనిపించుకునే ప్రాణి హెర్మిట్ క్రాబ్. నత్త వదిలేసిన గుల్లలో దూరి, దాన్నే ఇల్లుగా మోసుకుతిరిగే నేలపీత. ఇవి దాదాపు అన్నీ తీరాల్లో పట్టుకొచ్చినవే. దుకాణంవాళ్లు ఓ పంజరం, స్పాంజి ముక్క చేతిలో పెట్టి, గిన్నెలో కాసిని నీళ్లు పోస్తే చాలంటారు. చాలవు!

నేలమీద తిరిగినా దీని ఊపిరి మొప్పలతోనే. అవి తడారితే ప్రాణం పోయినట్టే. అందుకే గాజుతొట్టెలో మంచినీళ్ల గిన్నె పక్కనే ఉప్పునీటి మడుగూ ఉండాలి. రెండింట్లోనూ మునిగి, గుల్లలోని నీటికి తగినంత ఉప్పదనం తెచ్చుకుంటుంది. ఆ పాళ్లు దానికే తెలుసు.

వంటింటి ఉప్పు మాత్రం వద్దు. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం లాంటివీ ఉంటాయి కదా! అక్వేరియం షాపుల్లో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. కుళాయి నీళ్లను రాత్రంతా వదిలేస్తే సరిపోదు. అక్కడ చాలా ఊళ్లలో క్లోరమిన్ కలుపుతారు, దాన్ని విరిచే మందు వేయాల్సిందే.

లోతు... పెద్ద పీత గుల్లతో సహా మునిగేంత. బయటికి రాలేకపోతే చచ్చిపోతుంది కాబట్టి, ఏటవాలుగా రాళ్లు పేర్చాలి. నీళ్లు ఆవిరై తగ్గితే ఉప్పు లేని నీళ్లే పోయాలి, ఉప్పు ఎటూ పోదు.

స్నానాలు ఎక్కువగా రాత్రిపూటే. పొద్దున్నే చూస్తే ఇసుకలో తడి జాడలు కనిపిస్తాయి.