మెదక్ బస్సులో రెండు ఖాళీ సీట్లు



ఈస్టర్ మరుసటి సోమవారం మనం మెదక్ చర్చికి వెళ్లి వచ్చాం గదా. ఆ ఫొటోలు ఇంకా గ్రూపులో తిరుగుతూనే ఉన్నాయి. ఆడవాళ్లంతా మీగడ రంగు చీరల్లో, ఊదా అంచుతో, మెట్ల మీద వరుసగా నిలబడ్డ ఫొటో చూసి పక్క మండలం పాస్టరు గారు నాకు ఫోను చేశారు. "మీ సంఘం ఎంత క్రమశిక్షణగా ఉందయ్యా" అన్నారు. ఆ మెప్పు నాకు గొంతులో ముల్లులా ఉంది. ఎందుకో రాద్దామని పది రోజులుగా అనుకుంటున్నాను.

ఫిబ్రవరిలో స్త్రీల సమాజం వారు ఈ చీరల ఆలోచన తెచ్చారు. బస్సు మాట్లాడుకుని కుటుంబాలతో పోతున్నాం కాబట్టి అందరం ఒకే రంగు కడదాం అన్నారు. టౌనులో ఒక దుకాణంలో ఒకేసారి ఎక్కువ తీసుకుంటే చీర 650 రూపాయలకు ఇస్తారట, ఆడపిల్లలకు అదే రంగు గౌను 400. మగవాళ్లకు తెల్ల చొక్కా, అది ఎలాగూ అందరికీ ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక నేనే నిలబడి ప్రకటించాను. "ఒకే రంగులో ఉంటే ధనిక పేద తేడా కనబడదు" అని ఒక మాట కూడా కలిపాను. ఆ మాట నాకు అప్పుడు చాలా బాగా అనిపించింది.

సోమవారం తెల్లవారుజామున ఐదింటికి బస్సు కదిలేటప్పుడు రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. బస్సు డబ్బులు ముందే కట్టిన ఒక తల్లి, ఆమె కూతురు రాలేదు. ఫోను చేస్తే పాపకు జ్వరం అన్నారు. ప్రార్థన చేసి బయలుదేరాం. సగం దారిలో మా పెద్దమ్మాయి నా పక్కకు వచ్చి కూర్చుని మెల్లగా చెప్పింది, "డాడీ, దానికి జ్వరం లేదు. గౌను లేదు. నిన్న సాయంత్రం మన బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంది."

ఈ సంగతి ఆ తల్లి అనుమతి తీసుకునే రాస్తున్నాను. "పేరు రాయకపోయినా మనోళ్లందరికీ తెలిసిపోతదమ్మా" అన్నాను. "తెలువనియ్యండి అయ్యగారూ, నేనేం దొంగతనం చేసిన్నా" అంది.

ఆమె ఉపాధి హామీ పనికి పోతుంది. పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు ఉండదు, పడ్డ డబ్బులు ఖాతాలోకి ఎప్పుడొస్తాయో తెలియదు. చీరకూ గౌనుకూ కలిపి 1,050 రూపాయలు. ఆమె దగ్గర చీరలు లేవని కాదు, నాలుగు ఉన్నాయి. అందులో ఒకటి కట్టుకుని వచ్చేదే, మనం అడగకుండా ఉంటే. మనం అడిగాం కాబట్టి, ఆ నలభై మందిలో తానొక్కతే వేరే రంగులో నిలబడాలి కాబట్టి, రాలేదు. అంటే నేను ఏ తేడా కనబడకూడదన్నానో, ఆ తేడాను నేనే 650 రూపాయలకు అమ్మాను.

యాకోబు గారు తన పత్రిక రెండవ అధ్యాయంలో చెప్పింది మీకు గుర్తుండే ఉంటుంది. బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టలు వేసుకున్నవాడు సమాజంలోకి వస్తే ముందు కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి పక్కన నిలబెట్టడం గురించి ఆయన మాట్లాడారు. నా పాతికేళ్ల సేవలో ఆ భాగం మీద రెండుసార్లు ప్రసంగించి ఉంటానేమో. అదే పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయం, జడలూ బంగారమూ విలువైన బట్టలూ గురించి ఉన్నది, ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎందుకంటే అది స్త్రీలకు చెప్పేది, చెప్పడం సులువు. యాకోబు చెప్పింది మాత్రం గుమ్మం దగ్గర నిలబడి మనుషుల్ని కూర్చోబెట్టేవాళ్లకు, అంటే నాకూ మన పెద్దలకూ. పేతురు, పౌలు కూడా అక్కడ మాట్లాడింది ఖర్చుతో చేసే ఆర్భాటం గురించి. మనం దాన్ని ఆడపిల్ల చున్నీ ఎటు జారింది అని చూసే కొలబద్దగా మార్చుకున్నాం.

ఒక పెద్దాయన ఇదంతా విని మత్తయి 22 చూపించారు. పెండ్లి విందుకు పెండ్లి బట్టలు లేకుండా వచ్చినవాణ్ణి రాజు బయటికి తోయించాడు గదా, దేవుని సన్నిధికి తగిన బట్ట కావాలి గదా అన్నారు. మంచి ప్రశ్నే. కానీ అదే ఉపమానంలో ఆ జనాన్ని ఎక్కడి నుంచి పిలుచుకొచ్చారో చూడండి. రాజమార్గాల మీద కనబడ్డవాళ్లను కనబడ్డట్టు తెచ్చారు. దారిన పోయేవాడు పెండ్లి బట్ట చంకన పెట్టుకుని తిరుగుతాడా? అందుకే ఆ బట్ట రాజే ఇచ్చి ఉంటాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. ఇచ్చిన బట్ట వేసుకోకపోవడం ఒకటి, కొనుక్కోలేకపోవడం ఒకటి.

మన సర్కారు బడి సంగతి చూసినా ఇంతే. బడిలో అందరికీ ఒకే రంగు అంటే ఎవరూ చిన్నబోరు, ఎందుకంటే ఆ రెండు జతలూ సర్కారే ఇస్తుంది. ఒకే రంగు అన్నది సమానత్వం కావాలంటే అది ఉచితంగా రావాలి. డబ్బు పెట్టి కొనుక్కురమ్మంటే అది టికెట్టు.

ఇక మెదక్. ఆ చర్చి లోపలికి అడుగుపెట్టినప్పుడు నాకు ఇంకా సిగ్గేసింది. మన పిల్లలకు బస్సులో నేనే దాని చరిత్ర చెప్పాను. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దొరగారు 1914లో పని మొదలుపెట్టించారు, 1924 డిసెంబర్ 25న క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. వందేళ్లు దాటింది. గోపురం 175 అడుగులు. ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో కరువు. జనానికి ఊరికే అన్నం పెట్టకుండా పని చూపించి పెట్టాలని ఈ కట్టడం ఎత్తుకున్నారు. ఆకలితో వచ్చి, రాయి మోసి, ఆ పూట తిన్నవాళ్లు కట్టిన గుడి అది. ఆ రాళ్లు మోసిన మనిషి ఒంటి మీద ఏ రంగు అంచు ఉండి ఉంటుంది? అలాంటివాళ్లు కట్టిన చోటు చూడటానికి, అలాంటి ఒక తల్లిని ఇంటి దగ్గర వదిలి, మేము రంగు కలుపుకుని పోయాం.

లోపల మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు ఉన్నాయి గదా, జననం, సిలువ, ఆరోహణం. వెలుగంతా బయటి ఎండదే, చీకటి పడితే లోపలి నుంచి ఏమీ కనబడదు. పిల్లలు ఫొటోలు తీసుకుంటుంటే నేను సిలువ కిటికీ కింద కాసేపు నిలబడ్డాను. యోహాను 19లో సైనికులు ఆయన బట్టలు నాలుగు పాళ్లు చేసుకున్నారు. అంగీ మాత్రం కుట్టు లేకుండా పైనుంచి కింది దాకా ఒకే నేత, చింపడం ఇష్టం లేక చీట్లు వేసుకున్నారు. చనిపోయేనాటికి ప్రభువు దగ్గర పంచడానికి ఉన్న ఆస్తి అదొక్కటే, ఒంటి మీది గుడ్డ. అయితే అది మంచి నేత. ఎవరు నేశారో గాని, ప్రేమతో నేసి ఉంటారు. మగ్గం ఎరిగిన మన ఊళ్లవాళ్లకు ఆ వాక్యం చదివితే నేతగాడి చెయ్యి కనబడుతుంది. కాబట్టి మంచి బట్ట కట్టుకోవడం పాపమని నేను అనడం లేదు. గోనె కట్టుకు రమ్మనడం లేదు.

మా అమ్మకు ఒకే తెల్ల చీర ఉండేది. శనివారం ఉతికి, పలచగా గంజి పెట్టి, నీడలో ఆరేసి, మడత పెట్టి రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకునేది. అదే ఇస్త్రీ. ఊళ్లో మిగతావాళ్లకు తెల్ల చీరంటే భర్త పోయిన మనిషి గుర్తుకొస్తుంది, మనకేమో పెళ్లికూతురు. ఈ తేడా మీద మా అమ్మను పక్కింటివాళ్లు ఎన్నిసార్లు అడిగారో! ఆమె నవ్వి ఊరుకునేది. ఆదివారం పొద్దున ఆ గంజి చీర ఫెళఫెళమంటుంటే, ఆమె నడకే మారిపోయేది. వారమంతా ఒకరి పొలంలో వంగి పనిచేసిన మనిషి ఆ రోజు నిటారుగా నడిచేది. బట్ట చేసే మేలు అది. ఆ మేలును నేను తక్కువ చేసి మాట్లాడను.

నేను అనేది వేరు. ఆ చీర ఆమె ఎంచుకున్నది, ఎవరూ ప్రకటించింది కాదు.

ఆ రోజు బస్సులో ఒక ముసలమ్మ కూడా ఊదా అంచు కట్టలేదు. ఎప్పటిదో సిద్దిపేట గొల్లభామ చీర, తల మీద కుండతో గొల్లభామ బొమ్మలు నేసిన నూలు చీర, ఉతికి ఉతికి పాలలా మెత్తబడ్డది కట్టుకుని ఎక్కింది. సమాజం వాళ్లు "అవ్వా, కొన్న చీరేదే?" అంటే, "గా ప్లాస్టికు చీర కట్టుకుంటే ఎండల నేను ఉడికిపోతా, బీరువాల పెట్టిన" అంది. పదకొండు దాటేసరికి ఆమె మాట ఎంత నిజమో అందరికీ తెలిసింది. చెప్పులు విడిచి నడిస్తే బండ కాలుతోంది. కొత్త చీరలు ఒంటికి అతుక్కుపోయాయి. చిన్నపిల్లల గౌన్ల మెడ దగ్గరి జరీ గీసుకుని ఎర్రగా దద్దులు వచ్చాయి. కొత్త చెప్పులు కొనుక్కున్న ముగ్గురికి మడమలు బొబ్బలెక్కాయి. నేనైతే బూట్లు, పొడుగు చేతుల చొక్కా, నా వేషం చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం పోచారం చెరువు దగ్గర చెట్ల కింద పులిహోర, చికెన్ తిన్నప్పుడు హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నది ఆ అవ్వ ఒక్కతే.

మనకు వసంతం అంటే క్యాలెండరులోనే. వేప పూత రాలుతుండగానే ఎండ నెత్తికెక్కుతుంది. దారి పొడుగునా కానుగలు లేత ఆకు తొడిగి, రేల చెట్లు పసుపు పచ్చగా వేలాడుతూ ఉన్నాయి. ఏ రెండు చెట్లూ ఒకే రంగు కాదు. కొండమీది ప్రసంగంలో ప్రభువు సొలొమోను వైభవాన్ని గడ్డిపూలతో పోల్చి తక్కువ చేశారంటే, ఆయనకు రంగులంటే ఇష్టమే అనుకుంటాను. అందుకని కుటుంబంతో ఒక రోజు బయటికి పోయేటప్పుడు ఏం కట్టుకోవాలని ఎవరైనా నన్నడిగితే, నూలుబట్ట, లేత రంగు, పాత చెప్పులు, తలకు ఒక తువ్వాలు అంటాను. పిల్లలకు మట్టిలో కూర్చుంటే తల్లి కొట్టని బట్ట వేయండి. అంతకు మించి పాస్టరు చెప్పవలసింది లేదు. ఇదీ ఆజ్ఞ కాదు.

మా ఇంట్లో కూడా ఈ గొడవ ఉంది, దాచను. మా పెద్దమ్మాయి ఆ ప్రయాణానికి జీన్స్ మీద కుర్తీ వేసుకుంటానంది. పాస్టరు కూతురు అలా వస్తే నలుగురూ ఏమంటారని నేను ఒప్పుకోలేదు. చివరికి ఊదా అంచు గౌను కుట్టించుకుని ముఖం మాడ్చుకుని ఎక్కింది. ఆ ఖాళీ సీట్ల సంగతి నాకు చెప్పింది ఆ పిల్లే. వాళ్లమ్మ అంది, "నలుగురు ఏమంటారన్న భయం నీకూ ఉంది, ఆ తల్లికీ ఉంది. ఆమె రాలేదు, నువ్వు రానీయలేదు, అంతే తేడా." నా దగ్గర జవాబు లేదు. జీన్స్ సంగతి ఇంకా తేలలేదు, నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గనుక ఒప్పుకున్నట్టు రాయను.

మంగళవారం సాయంత్రం నేనూ మా ఇంటావిడా ఆ తల్లి ఇంటికి పోయాం. బస్సు డబ్బులు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. క్షమించమని అడిగాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. టీ పెట్టింది. తర్వాత అంది, "నాకు చీర కొనిస్తరని ఇద్దరొచ్చిన్రు అయ్యగారూ, నిన్న మొన్న. ఒద్దన్న. నాకు చీర గాదు, మీరు గప్పుడు అడగకపోతే బాగుండు." పాప మాత్రం మెదక్‌లో తీసిన ఫొటోలన్నీ నా ఫోనులో చూసింది. రంగు అద్దాల కిటికీ దగ్గర ఆగి, అది కరెంటుతో వెలుగుతుందా అని అడిగింది. ఎండతో అని చెప్పాను. "చూడాలె" అంది.

అందుకే పెద్దలతో మాట్లాడి ఒకటి నిర్ణయించాం. పత్తి ఏరడం అయిపోయాక, క్రిస్మస్ పనులు మొదలుకాకముందు, మరొకసారి మెదక్ పోతాం. ఆ రెండు సీట్లకు డబ్బులు కట్టే ఉన్నాయి, వాటిని ఎవరికీ ఇవ్వం. తేదీ సెప్టెంబరులో చెబుతాం. మధ్యాహ్నం భోజనం ఎవరింటి నుంచి ఏది వస్తుందో స్త్రీల సమాజం వారు రాసుకుంటారు. నీళ్ల క్యాన్లు యవ్వనస్థుల బాధ్యత. బట్టల గురించి ప్రకటన ఏమీ ఉండదు.