సారుకు నేర్పకుండ పోరగాళ్లను కనిపెట్టుమంటే ఎట్ల?

ఎండకాలం కదా, ఇక్కడ దోహాలో పొద్దున పది నుంచి మూడున్నర దాకా బయట ఎండల పని బంద్. ఆ టైమ్‌ల క్యాంపుల ఒరిగి ఇంటికి వీడియో కాల్ చేసుడు మనందరికి అలవాటే. మొన్న మా రూమ్ తమ్ముడు బిడ్డతోని మాట్లాడుతుంటే మేము నలుగురం విన్నం. అప్పటిసంది ఈ ముచ్చట రాయాలె అనుకుంటున్నం. జర పొడుగైతది, ఓపికతోని చదవండి.

ఆ బిడ్డది సర్కారు బడి, తొమ్మిదో తరగతి. బడిల ఏదన్న కొత్త వస్తువు తయారు చేసి తెమ్మన్నరట. ఇంట్ల నాయినమ్మ బీడీలు చేస్తది. చాట ఒళ్లె పెట్టుకోని, మెడ వంచి, పొద్దుందాక అదే పని. రాత్రి అయితే మెడకు జండూబామ్ రాయాలె. బిడ్డ ఆలోచన ఏందంటే, చాటను కొంచెం ఎత్తు మీద నిలబెట్టే స్టాండ్. మెడ వంచే పని తప్పుతది.

సారుకు చెప్తే, "అది సైన్స్ కాదమ్మా, నీళ్ల ట్యాంకు నిండితే మోగే అలారం చెయ్యి, టౌన్ల కిట్టు దొరుకుతది" అన్నడట. "నానా, పన్నెండు వందలు పంపు" అన్నది బిడ్డ. తమ్ముడు పంపిండు. కిట్టు వచ్చింది, వైర్లు కలిపిన్రు, మోగింది, బడిల చప్పట్లు కొట్టిన్రు. ఇప్పుడు ఆ డబ్బా అటక మీద ఉన్నది. నాయినమ్మ మెడ నొప్పి ఎక్కడిదక్కడనే ఉన్నది.

మేము సారును తిడుతలేము. ఆయనకు రోజుకు అయిదారు పీరియడ్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ల ఎక్కించే వివరాలు, ఎలక్షన్ వస్తే ఆ డ్యూటీ. పదో తరగతి రిజల్ట్ తగ్గితే అందరు ఆయననే అడుగుతరు. బి.ఎడ్.ల ఆయనకు పాఠం చెప్పుడు నేర్పిన్రు. పిల్లగాని తలకాయల వచ్చిన ఒక ఆలోచనను పట్టుకోని, దాన్ని చేతిల పట్టుకునే వస్తువు దాక ఎట్ల తీసుకుపోవాలెనో నేర్పిన్రా? నేర్పని పని రాలేదని ఒకరిని అనుడు న్యాయం కాదు.

సైట్ మీద మనం రోజు చూసేదే. కొత్త బార్ బెండింగ్ మిషిన్ దించిపోతే సరిపోతదా? అమ్మినోళ్ల మనిషి వచ్చి పక్కన నిలబడి, మన చేతులతోని కడ్డీ వంపించి, తప్పు వంగితే మళ్ల వంపించి పోతడు. పని నడిచినంక ఇంకోసారి వచ్చి చూస్తడు. అట్ల కాకపోతే ఆ మిషిన్ మూలకు పడి తుప్పు పడుతది, మనోళ్లు పాత పద్ధతికే పోతరు.

బడులకు సర్కారు పైసలు పెడుతలేదా అంటే, పెడుతున్నది. కేంద్రం 2016ల అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలుపెట్టింది. దాని కింద ఒక్కొక్క అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు 20 లక్షల దాక గ్రాంటు. త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు, రోబో సామాన్లు ఇస్తరు. దేశంల ఇప్పటికి 10,000 బడులకు ఇచ్చిన్రు. ఇంకో 50,000 ల్యాబులు అయిదేండ్లల్ల సర్కారు బడులల్ల పెడుతమని 2025 బడ్జెట్ల చెప్పిన్రు. ఇన్‌స్పైర్ మానక్ అని ఇంకోటి ఉన్నది. ఆరో తరగతి నుంచి పిల్లల ఆలోచనలను బడి పంపిస్తే, ఎంపికైన పిల్లలకు వస్తువు చేసుకోను 10,000 రూపాయలు బ్యాంకు ఖాతాల వేస్తరు.

ఇవన్ని మంచివే, కాదనం. కాని 50,000 ల్యాబులు అంటే 50,000 మంది సార్లు, మేడమ్‌లు కావాలె. సామాన్లు టెండర్ పెడితే వస్తయి. మనిషి టెండర్ల రాడు, తయారు చేసుకోవాలె. సామాన్లకు ఎంత ఆలోచిస్తున్నరో, సారుకు నేర్పుడు గురించి అంత ఆలోచించాలె అన్నదే మా మాట.

ఆ నేర్పుడు ఒక హాలుల కూసోబెట్టి ప్రొజెక్టర్ల బొమ్మలు చూపించి, సర్టిఫికెట్ ఇచ్చి పంపితే అయ్యేది కాదు. మాకు తోచింది ఇది.

మొదలు సారే ఒక వస్తువు చెయ్యాలె. వాళ్ల ఊరి కష్టం ఒకటి తీసుకోని, తన చేతులతోని కోసి, అతికి, కొట్టి చెయ్యాలె. మొదటిసారి అది పని చెయ్యదు. అప్పుడే ఆయనకు తెలుస్తది, విరిగిన వస్తువు పట్టుకోని వచ్చిన పిల్లకు ఏం చెప్పాలెనో. తానెన్నడు చెడగొట్టనోడు, పిల్ల చెడగొడితే ఓర్సుకోలేడు.

రెండోది, జవాబు చెప్పకుండ అడుగుడు నేర్వాలె. ఈ కష్టం ఎవలది? రోజుకు ఎన్నిసార్లు వస్తది? ఇప్పటిదాక వాళ్లు ఏం చేసుకుంటున్నరు? ఆ బిడ్డను సారు ఈ మూడు ముచ్చట్లు అడిగి ఉంటే, చాట ఎత్తు ఎంత ఉండాలె, బరువు ఎంత, నాయినమ్మ కింద కూసుంటదా పీట మీద కూసుంటదా అని కొలతలు తీసేది. అదంత సైన్స్ కాకపోతే మరేంది?

మూడోది, రాసుకునుడు. మన సైట్ డైరీ లెక్క తేదీ వేసి, ఏం చేసినం, ఏం విరిగింది, ఏం మార్చినం అని పిల్లలతోని రాయించాలె. అప్పుడు షాపుల కొన్నదేదో, సొంతంగ చేసిందేదో పుస్తకమే చెప్తది. కిట్టు తప్పని మేము అంటలేము. కొత్త మేస్త్రీ ఉత్త గోడ కట్టి చెయ్యి సాపు చేసుకున్నట్టు, వైర్లు కలుపుడు నేర్వను అది పనికొస్తది. కాని ఆ ఉత్త గోడనే ఇల్లు అని చూపెట్టొద్దు.

వీటికి టైమ్ ఏది అంటరేమో. 2020 జాతీయ విద్యా విధానంల ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ తీసుకోవాలె అని రాసి ఉన్నది. అండ్ల 15 గంటలు చేతిపనికి ఇయ్యండి. నెలకోసారి ఎవరన్న ఆ బడికి వచ్చి పక్కన నిలబడండి. వారానికి రెండు పీరియడ్లు వేరే డ్యూటీ లేకుండ సారును వదలండి.

పది చదివినోళ్లు సార్లకు చెప్పుడేంది అని నవ్వేటోళ్లు ఉంటరు. నవ్వనీండి. యాదాద్రి జిల్లా ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితోనే చదువు ఆపిండు. ఆసు పోసి పోసి తల్లి చెయ్యి నొస్తుంటే చూడలేక 1992ల మొదలుపెట్టి, 1999కి ఆసు మిషిన్ పూర్తి చేసిండు. తల్లి పేరు మీదనే దానికి లక్ష్మీ ఆసు మిషిన్ అని పెట్టిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. తల్లి భుజం నొప్పితోని మొదలైందే అది. మన బిడ్డది నాయినమ్మ మెడ నొప్పి. తేడా ఏమున్నది? ఆయనకు ఏడేండ్లు పట్టింది. పక్కన అడిగే సారు ఒకరు ఉంటే కొన్ని ఏండ్లన్న తగ్గేవేమో.

ఇగ మన సంగతి. ఊర్ల గుడికి గేటు, కమాను అంటే మనం గల్ఫోళ్లం తలా ఇంత వేస్తం. బడికి కూడా వేద్దాం. ఒక రంపం, డ్రిల్లు, కొలత టేపు, కళ్లకు పెట్టుకునే అద్దాలు ఎంతైతయి? లీవ్ మీద పోయినప్పుడు ఒక పూట బడికి పోయి సారును కలువుదాం. "సార్, మీకు చదువు ఉన్నది, మాకు చేతిపని ఉన్నది, రెండు కలుపుదాం" అని చెప్పుదాం. వెల్డింగ్ వచ్చినోళ్లు, వడ్రం పని వచ్చినోళ్లు మనల ఎంతమంది లేరు?

మా తమ్ముడు వచ్చే నెల ఇంటికి పోతున్నడు. బిడ్డను, సారును కూసోబెట్టుకోని ఆ చాట స్టాండ్ చేసే వస్తనన్నడు. మేము నలుగురం కలిసి ఆయన పెట్టెల ఒక డ్రిల్లు మిషిన్ పెడుతున్నం. మీరు కూడా ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మార్కులు ఎన్ని అని అడిగినంక, ఇంకో మాట అడగండి. "బిడ్డా, ఇంట్ల ఎవలకు ఏం కష్టం ఉన్నది? నువ్వైతే ఏం చేస్తవు?"