సన్యాసికీ, మతం మారిన తల్లికీ ఒకటే సెక్షన్

మతమార్పిడి మీద చర్చ అనగానే మన టీవీ స్టూడియోల్లో రెండే కుర్చీలు వేస్తారు. ఒకదాంట్లో ‘ప్రలోభపెట్టి మారుస్తున్నారు’ అనేవారు, ఇంకోదాంట్లో ‘ఈ చట్టాలన్నీ మైనారిటీలను వేధించడానికే’ అనేవారు. మతం వదిలిన మనిషికి అక్కడ కుర్చీ ఉండదు. ఆ మనిషిని ఎవరు మార్చారు, ఎంతకు మార్చారు అన్నదే గొడవ. వదిలాక ఏం పోగొట్టుకున్నాడు, అది పోకుండా చట్టం ఏం చేసింది అన్న ప్రశ్న ఇటువాళ్లూ వెయ్యరు, అటువాళ్లూ వెయ్యరు. మార్చేవాళ్లను జైల్లో పెట్టడానికి పదికి పైగా రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. వదిలేవాళ్లను కాపాడాలన్న ఊసు మాత్రం లేదు. కాపాడకపోతే పోనీ, వాళ్లను శిక్షించే వాక్యాలు మన చట్టాల్లో డెబ్బై ఏళ్లుగా ఉన్నాయన్న సంగతైనా ఎవరికీ పట్టలేదు.

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956. సెక్షన్ 6. పిల్లలకు సహజ సంరక్షకులెవరో చెప్పే సెక్షన్ అది. ముందు తండ్రి, ఆయన తర్వాత తల్లి అంటుంది. ఆ వరస మీదే బోలెడు వివాదం ఉంది, దాన్ని అలా ఉంచుదాం. చివర్లో ఒక మినహాయింపు తగిలించారు. ఇద్దరికి ఆ హక్కు ఉండదట. సంసారాన్ని పూర్తిగా విడిచి వానప్రస్థుడో, యతో, సన్యాసో అయిన వ్యక్తి ఒకరు. హిందువుగా ఉండటం మానేసిన వ్యక్తి రెండోవారు.

సన్యాసి సంగతి అర్థమవుతుంది. బిడ్డను వద్దనుకునే ఇల్లు దాటాడు. కాషాయం కట్టి కాశీకి పోయినవాడు స్కూలు ఫారం మీద సంతకం ఎలా పెడతాడు? కానీ ఆదివారం చర్చికి వెళ్లి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, కూతురికి జడవేసి, సోమవారానికి యూనిఫాం ఇస్త్రీ చేసే తల్లిని తెచ్చి ఆ సన్యాసి పక్కన నిలబెట్టింది సెక్షన్ 6. ఆమె దేన్ని వదిలింది? దేవుణ్ణి మార్చుకుంది, బిడ్డను కాదు. చట్టానికి మాత్రం రెండూ ఒకటే.

‘కోర్టులు అలా చూడవండీ, బిడ్డ క్షేమమే ప్రధానమని అదే చట్టం సెక్షన్ 13 చెబుతోంది కదా’ అంటారు న్యాయవాద మిత్రులు. నిజమే, చెబుతోంది. ఆ సెక్షన్ పట్టుకుని మతం మారిన తల్లికి బిడ్డను అప్పగించిన న్యాయమూర్తులూ ఉన్నారు. కానీ అడిగి తెచ్చుకోవడం వేరు, ఉన్నది ఉండటం వేరు. భర్త పోయిన హిందూ స్త్రీ తన బిడ్డకు సంరక్షకురాలినని నిరూపించుకోవడానికి ఏ కోర్టు మెట్లూ ఎక్కనక్కర్లేదు. అదే స్త్రీ మతం మారితే మాత్రం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేసుకుని, వాయిదాలు తిరిగి, న్యాయమూర్తి దయతలిస్తే సంరక్షకురాలు కావాలి. ఈలోగా బిడ్డ పేరున ఎకరం పొలం ఉందనుకోండి, అత్తగారి వైపువాళ్లు చేతికందుకునే మొదటి కాగితం సెక్షన్ 6.

ఆ ఒక్క సెక్షనే అయితే పొరపాటున పడిందేమో అనుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన దత్తత, భరణాల చట్టం తెరిచి చూడండి. భార్య వేరే మతంలోకి మారితే విడిగా ఉంటూ భరణం అడిగే హక్కు పోతుంది. భర్త ఎంత దుర్మార్గుడన్నది అక్కడ లెక్కలోకి రాదు. భర్త దత్తత తీసుకోవాలంటే భార్య అనుమతి కావాలి, ఆమె హిందువుగా ఉండటం మానేస్తే అక్కర్లేదు. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 26 ఇంకా విచిత్రం. మతం మారిన మనిషి వాటా పోదు. మతం మారినంత మాత్రాన ఆస్తి పోగొట్టరాదని 1850లో ఈస్టిండియా కంపెనీయే చట్టం చేసింది మరి. కానీ మారిన తర్వాత పుట్టిన పిల్లలకు తాతగారి ఆస్తి రాదు, ఆస్తి పంపకానికి వచ్చేనాటికి వాళ్లు తిరిగి హిందువులైతే తప్ప. పుట్టని బిడ్డకు శిక్ష, తిరిగొస్తే క్షమాభిక్ష. ప్రలోభం అనే మాటను ఇంత తేలిగ్గా వాడేవాళ్లు ఈ సెక్షన్ చదివి దీన్నేమంటారో చెప్పాలి.

పోనీ ఏ మతమూ వద్దనుకుంటే? అప్పుడు మన చట్టం అసలు బయటికే పోనివ్వదు. ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివాడు ఎవడైనా హిందూ చట్టాల లెక్కన హిందువే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత దాన్ని విజయవాడకు తెచ్చిన గోరాగారు జంధ్యం వదిలారు, దేవుడు లేడన్నందుకు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు, 1975లో వేదిక మీద మాట్లాడుతూనే కన్నుమూశారు. అంత చేసినా, ఆయన ఆస్తి పంచాల్సి వస్తే చట్టం ఆయన్ని హిందువుగానే చూస్తుంది. ఒక మతం గుమ్మంలోంచి ఇంకో మతం గుమ్మంలోకి దారి ఉంది కానీ వీధిలోకి లేదు. 2011 జనగణనలో మతం పేరు చెప్పనివారు 28 లక్షల పైచిలుకు తేలారు, అంతకు పదేళ్ల ముందు ఏడు లక్షల చిల్లర. వాళ్లందరూ నాస్తికులని నేననను. కానీ మతం చెప్పనివారి కోసం విడిగా చట్టమేదని అడిగితే జవాబుండదు. పుట్టిన బిడ్డకు ‘మతం లేదు, కులం లేదు’ అని రాయించడానికి ఒక జంట హైకోర్టు దాకా వెళితే తప్ప తెలంగాణలో ఆ గడి కోసం ఆదేశం రాలేదు. అదీ 2023లో.

ఇక ఇస్లాం వదిలినవారి సంగతి. ఇక్కడ మన ఉదారవాదులకు నోరు పెగలదు. కేరళలో ముస్లిం కుటుంబంలో పుట్టి విశ్వాసం వదిలేసిన ఒక మహిళ, షరియత్ వారసత్వం తనకొద్దు, మామూలు భారత వారసత్వ చట్టం వర్తింపజేయండి అంటూ సుప్రీంకోర్టుకెళ్లింది. 2024లో నోటీసులు వచ్చాయి. ఆమె అడిగిందేమిటి? తన ఆస్తి తన ఇష్టప్రకారం రాసుకునే హక్కు. షరియత్ ప్రకారం వీలునామాతో మూడో వంతు మించి రాయడానికి లేదు, కూతురికి కొడుకు వాటాలో సగమే. నమ్మనివాళ్లకూ ఇదే వర్తించాలా? తమాషా ఏమిటంటే తప్పించుకునే దారి ఇప్పటికే ఒకటుంది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నా, అయిన పెళ్లిని దాని కింద నమోదు చేసుకున్నా భారత వారసత్వ చట్టమే వర్తిస్తుంది. అంటే మతం నుంచి బయటపడాలంటే ముందు మొగుణ్ణి వెతుక్కోవాలన్నమాట! ఒంటరి మహిళకు దారి మూసేసిన ఈ ఏర్పాటును ప్రశ్నిస్తే అది ‘హిందుత్వవాదుల చేతికి ఆయుధం ఇవ్వడం’ అవుతుందని మన మిత్రుల భయం. 2017లో కోయంబత్తూరులో ఇస్లాం వదిలి నాస్తికుడైన ఒక యువకుణ్ణి నరికి చంపారు. అప్పుడు కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డెక్కినవారెందరో నాకు గుర్తు లేదు.

ఇదంతా ఇలా ఉండగా కొత్తగా వస్తున్న చట్టాలు చేస్తున్నదేమిటి? ఉత్తరప్రదేశ్ చట్టమే చూడండి. మతం మారదలచినవాడు అరవై రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేటుకు చెప్పాలి. పోలీసులు విచారిస్తారు. మారాక మళ్లీ అరవై రోజుల్లోగా ప్రకటన ఇవ్వాలి. పుట్టిన తేదీ, చిరునామా, తండ్రి పేరో భర్త పేరో అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితం ఆఫీసు నోటీసు బోర్డుకెక్కుతుంది. ఇంట్లో చెప్పకుండా మారిన ఆడపిల్ల చిరునామాను గోడకు అతికించడం ఏ రకమైన రక్షణ? ఇలాంటి ముందస్తు నోటీసును హిమాచల్ హైకోర్టు 2012లోనే కొట్టేసింది. నమ్మకాన్ని మనసులో ఉంచుకునే హక్కు కూడా మనిషికుందని గుర్తుచేసింది. 2019లో ఆ రాష్ట్రమే కొత్త చట్టం చేసి నోటీసును తిరిగి తెచ్చుకుంది. ఉత్తరప్రదేశ్ చట్టంలో ఇంకో సౌకర్యం ఉంది: పాత మతంలోకి తిరిగొస్తే అది మతమార్పిడే కాదట. లోపలికొచ్చేవాడికి ఎర్ర తివాచీ, బయటికెళ్లేవాడికి పోలీసు విచారణ.

దళితుల విషయం మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసిన 1950 ఉత్తర్వు సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తీసింది, మిగతావారికి తీయలేదు. మన రెండు రాష్ట్రాల్లో చర్చికి వెళతానని నిజం చెప్పిన దళితుడు పదిహేను శాతం కోటాలోంచి బీసీ-సి అనే ఒక్క శాతంలోకి జారతాడు. కులం పేరుతో తిట్టినా, కొట్టినా, క్రైస్తవుడివి కాబట్టి అట్రాసిటీ చట్టం నీకు వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పేసింది. కొట్టేవాడు మాత్రం మతం అడిగి కొట్టడు. అందుకే మన పల్లెల్లో ఆదివారం ఒక మతం, సర్టిఫికెట్‌లో ఒక మతం. దాన్ని మోసం అనేవారు ఆ మోసం నేర్పిందెవరో కూడా చెప్పాలి.

మతం మారడాన్ని అడ్డుపెట్టుకుని మోసాలు జరగవా అంటే జరుగుతాయి. రెండో పెళ్లి కోసం ఇస్లాం పుచ్చుకున్న మగవాళ్లను చూశాం. దానికి సుప్రీంకోర్టు 1995లో సరళా ముద్గల్ కేసులో మందు వేసింది: మొదటి పెళ్లి ఉండగా రెండోది చెల్లదు, శిక్ష తప్పదు. మోసానికి శిక్ష పడింది, మతం జోలికి పోనక్కర్లేకపోయింది. భాగస్వామి మతం మారితే విడాకులు అడిగే హక్కు ఉండాలన్నా నాకు అభ్యంతరం లేదు. కలిసి బతకాల్సింది వాళ్లు. ఆ విడాకులతో బిడ్డ మీద హక్కూ, తిండికి భరణమూ ఎందుకు పోవాలన్నదే నా ప్రశ్న.

సెక్షన్ 6ను మార్చే అవకాశం ఢిల్లీకి రాలేదనుకోకండి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని విప్పి కూతుళ్లకు సమాన వాటా ఇచ్చారు. మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువులకు వాటా లేదనే సెక్షన్ 24ను పీకేశారు. రెండు సెక్షన్ల కింద ఉన్న 26ను ముట్టుకోలేదు. 2010లో దత్తత చట్టాన్ని విప్పారు, భార్యకూ దత్తత హక్కు ఇచ్చారు, ‘హిందువుగా ఉండటం మానేస్తే’ అన్న మాటను భద్రంగా ఉంచారు. సెక్షన్ 6 దగ్గరికైతే ఆ మాట కోసం ఎవరూ పోనేలేదు.

మన అసెంబ్లీలు మాత్రం పార్లమెంటు కదిలేదాకా ఆగాల్సిన పని లేదు. మైనర్లు, దత్తత, వారసత్వం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, రాష్ట్రపతి ఆమోదం ఉంటే రాష్ట్రాలూ సవరించుకోవచ్చు. కూతుళ్లకు వాటా ఇవ్వడానికి ఎన్టీఆర్ ప్రభుత్వం పార్లమెంటు కోసం ఎదురుచూడలేదు. 1985 సెప్టెంబరు నుంచి అమలయ్యేలా రాష్ట్ర సవరణ తెచ్చుకుంది. కేంద్రం ఆ బాట పట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2023లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసి ఢిల్లీకి పంపి చేతులు దులుపుకుంది. తన చేతిలో లేనిదాని కోసం తీర్మానం చేసిన సభ, తన చేతిలో ఉన్న సెక్షన్ 6ను ఎందుకు చూడలేదు? సభలో కూర్చున్నవారిలో ఎందరు ఆదివారం చర్చికి వెళ్లి, నామినేషన్ పత్రంలో ఇంకో మాట రాశారో లెక్కపెడితే జవాబు అక్కడే దొరుకుతుంది.