మసక తెరలు - మన కర్తవ్యము

మన కళాశాల కంప్యూటరు గదిలో కిటికీ ప్రక్క వరుసనున్న తొమ్మిది యంత్రములకు "పాడైనవి" అని కాగితములంటించి రెండు సంవత్సరములు దాటినది. వానిని తూకమునకు అమ్మివేయవలెనన్న ప్రతిపాదన ఈ సంవత్సరము పాలకవర్గము వారి ముందుకు వచ్చినదని వినుచున్నాము. ఆ కాగితముపై సంతకము పడుటకు పూర్వమే ఒక మాట మనవి చేసికొనుటకు ఈ పుటలను వినియోగించుకొనుచున్నాము. ఆ యంత్రములు పాడైనవి కావు. వానికి తగిన డిస్‌ప్లే డ్రైవరు లేదు, అంతే.

మేమనగా ద్వితీయ సంవత్సరపు విద్యార్థులము ముగ్గురము, ఉర్దూ శాఖనుండి ఒక ఉపన్యాసకులు, ఆ గదిని ఇరువది యేండ్లుగా కనిపెట్టుకొని యున్న అటెండరు చాచా. నాలుగు శనివారములు అనుమతి పొంది ఆ తొమ్మిదింటి ముందు కూర్చుంటిమి. మేము చూచినదే ఇక్కడ వ్రాయుచున్నాము.

మీట నొక్కినంతనే ఈ యంత్రములలో దీపము వెలుగును, పంకా తిరుగును, విండోసు తెరచుకొనును. కాని అక్షరములు అడ్డముగా సాగి, అంచులు చెదరి కనిపించును. పుటను పైకి జరిపినచో నీటిలోని నీడవలె వణకును. మన గదిలోని పలుచని తెరలకు అడ్డముగా 1366, నిలువుగా 768 బిందువులు కలవు. అనగా మొత్తము 10,49,088. అట్టి తెరపై 4,80,000 బిందువుల బొమ్మను సాగదీసి అతికించినచో ఏమగును? చిన్న చొక్కాను పెద్దవానికి తొడిగినట్లగును. సెట్టింగులలోనికి పోయి సరియైన సంఖ్యను ఎన్నుకొందమన్న అది జాబితాలోనే కనిపింపదు.

ఇంగ్లీషు మాత్రము చదువుకొనువానికి ఇది కేవలము అసౌకర్యము. మనకట్లు కాదు. తెలుగున ధకారమునకును థకారమునకును భేదము గర్భమునందలి ఒక్క చుక్క. అది ఒత్తుగా మారి క్రిందికి దిగినపుడు ఆవగింజలో సగము కూడ నుండదు. మసక తెరపై ఆ చుక్క కరగిపోవును; "అర్థము" కాస్తా "అర్ధము" అగును. ఉర్దూలోనైతే బే, పే, తే, సే అన్నిటికిని శరీర మొక్కటే, చుక్కల సంఖ్యయు స్థానమును మాత్రమే వేరు. ఒక్క చుక్క ఎక్కువైనచో "దుఆ" కాస్తా "దగా" అగునని మన ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. గత సంచిక ప్రూఫులలో ఈ రెండు విధముల తప్పులును దొరలినవి. టైపు చేసిన పిల్లలను అందరును మందలించితిమి. వారు ఆ కిటికీ ప్రక్క యంత్రములపై పని చేసిరన్న సంగతి ఎవరికిని తట్టలేదు. ఆ మందలింపు అన్యాయమని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము.

డ్రైవరనగానే ఆర్.టి.సి. బస్సు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఇది వేరు. పూర్వము మచిలీపట్టణపు రేవులో కుంఫిణీ వర్తకునకును మన నేతగానికిని నడుమ ఒక ద్విభాషి నిలిచెడివాడు. కంప్యూటరులోను అంతియే. విండోసు ఒక భాషలో ఆజ్ఞాపించును. తెరకు బొమ్మ గీయు చిప్పునకు తనదైన మాండలిక మొకటి యుండును. ఆ మాండలికము నెరిగిన ద్విభాషియే డిస్‌ప్లే డ్రైవరు. అతడు లేనిచో ఇరువురును సైగలతో కాలము గడుపుకొందురు. విండోసు 10 నందు ఆ సైగల భాషకు "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని పేరు. ఇది అన్ని చిప్పులకును అంతో ఇంతో అర్థమగును. దేనికిని పూర్తిగా కాదు. మన తొమ్మిది యంత్రములలోను డివైస్ మేనేజర్ తెరచి చూడగా ఈ పేరే కనిపించినది.

తగిన ద్విభాషిని వెదకుటలో మేము చేసిన పొరపాట్లు దాచుకొనదగినవి కావు. మొదట పెట్టెపైనున్న పేరును బట్టి వెదకితిమి. పెట్టె ఒకరిది, మదర్‌బోర్డు మరియొకరిది, చిప్పు మూడవవారిది. పిమ్మట 64 బిట్ల డ్రైవరును తెచ్చి 32 బిట్ల విండోసులో ఎక్కింపబోతిమి. అది వాకిటనే నిలిచిపోయినది. మూడవ శనివారము ఓపిక నశించి, డ్రైవర్లన్నిటిని తానే వెదకి పెట్టునని చెప్పుకొను ఒక ఉచిత ప్రోగ్రామును నమ్మితిమి. అది ముప్పది దోషములు కనుగొంటినని భయపెట్టి, వానిలో ఒకటి సరిచేసితినని చెప్పి, మిగిలినవానికి రొక్కమడిగినది. యంత్రమును తిరిగి తెరచినంతనే తెర నల్లబడినది. సేఫ్ మోడ్‌లోనికి పోయి, పాత స్థితికి తెచ్చుకొనుసరికి మగ్రిబ్ వేళయైనది. అట్టి ప్రోగ్రాములను కళాశాల యంత్రములలో నిషేధింపవలెనని మా నిశ్చితాభిప్రాయము.

దారి చూపినది ఒక చిన్న సంఖ్య. మనుష్యునకు పేరు మారవచ్చును గాని వ్రేలిముద్ర మారదు గదా! ప్రతి చిప్పునకును తయారైననాడే రెండు సంఖ్యలు ఇమిడ్చి యుంతురు: మొదటిది తయారీదారునిది, రెండవది ఆ చిప్పుది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ క్రిందనున్న పేరుపై కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అను పుటలో హార్డ్‌వేర్ ఐడీస్ అని ఎన్నుకొన్నచో అవి కనిపించును. డ్రైవరు లేకున్నను కనిపించును. ఇదియే దానిలోని మేలు. మొదటి సంఖ్య 8086 అయినచో ఇంటెల్ వారిది, 10డిఇ అయినచో ఎన్విడియా వారిది, 1002 అయినచో 2006లో ఏఎండీలో కలసిపోయిన ఏటీఐ వారిది. 1978లో వెలువడి తమకు కీర్తి తెచ్చిన 8086 ప్రాసెసరు సంఖ్యనే ఇంటెల్ వారు తమ గుర్తుగా ఉంచుకొనుట ముచ్చటగా నున్నది.

మన తొమ్మిదింటిలోను 8086 ప్రక్కన 29సి2 అని యున్నది. అనగా జి31 చిప్‌సెట్. గోడవైపు వరుసలో, అదే రంగు పెట్టెలలో, స్పష్టముగా పని చేయుచున్న పండ్రెండింటిలో చూడగా 2ఇ32 అని యున్నది. అది జి41. అప్పుడు గాని ముడి విడిపోలేదు. మూడు సంవత్సరముల క్రిందట ఒక కాంట్రాక్టరు ఇరువదియొక్క యంత్రములలోను విండోసు 7 తీసివేసి విండోసు 10 ఎక్కించి పోయెను. జి41కు కావలసిన పాత డ్రైవరును విండోసు 10 తనతోనే తెచ్చుకొన్నది. జి31కు తేలేదు, ఇంటెల్ వారు దానికి డ్రైవరు వ్రాయుట విండోసు 7తోనే నిలిపివేసిరి. ఒకే గదిలో, ఒకే వయస్సువలె కనిపించు యంత్రములలో కొన్ని బ్రతుకుటకును కొన్ని "చచ్చుట"కును కారణమిదే. ఆ చీటీలంటించినవారు తెరలను చూచిరి గాని ఈ సంఖ్యను చూడలేదు.

యంత్రము వయస్సును నిర్ణయించునది ఇనుము కాదు, డ్రైవరు అనుటకు లోకమున పెద్ద దృష్టాంతమే కలదు. 2006లో కొన్ని కంప్యూటర్లకు, అప్పటికి రానున్న విండోసు విస్టాకు తగినవని చీటీ అంటించి అమ్మిరి. వానిలో ఇంటెల్ 915 చిప్‌సెట్ గలవియు కలవు. విస్టా విధించిన కొత్త పద్ధతిలో 915కు డ్రైవరు రానేలేదు. ప్రకటనలలో చూపిన గాజువంటి ఏరో దృశ్యము ఆ తెరలపై రానేలేదు. 2007లో కొనుగోలుదారులు అమెరికాలో సియాటిల్ నగరపు న్యాయస్థానమున మైక్రోసాఫ్టుపై దావా వేసిరి. 2008లో వెల్లడియైన సంస్థ అంతర్గత లేఖలలో ఆ చీటీని ఆక్షేపించినవారు ఆ సంస్థ ఉద్యోగులలోనే కనిపించిరి. 2009లో ఆ దావాకు సామూహిక హోదా పోయినది. ఏమైననేమి, చీటీ చెప్పినదెల్ల నిజము కాదని అక్కడివారును తెలిసికొనిరి, ఇక్కడ మనమును తెలిసికొంటిమి.

ఇక డ్రైవరు దొరకుట ఎక్కడ? తయారీదారుని వద్దనే అని ఎవరైనను చెప్పుదురు. కాని ఇంటెల్ వారు 2019 నవంబరులో తమ పాత డ్రైవర్లను, బయోసు ఫైళ్లను పెద్ద సంఖ్యలో తమ భాండారమునుండి తొలగించిరి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి గ్రంథాలయములు దాచినవి దాచినవే మిగిలినవి. ఈ విషయమున మన నేరమును కలదు. ఆ మదర్‌బోర్డులతో వచ్చిన సీడీలు ఏమైనవని చాచా నడిగితిమి. బీరువా క్రింది అర తెరచి చూపినాడు: నాలుగు గీతలు పడినవి, రెండు చాయ్ గ్లాసుల గుండ్రని మరకలతో నున్నవి, మూడు చెక్కుచెదరక యున్నవి. ఒకటి కిటికీకి పావురములను బెదరించుటకు వ్రేలాడదీసి యుండిరి! యాక్సెషన్ సంఖ్య వేయక ఒక్క పుస్తకమునైనను బీరువాలో పెట్టని మన గ్రంథాలయము, యంత్రములకు ప్రాణమైన ఈ బిళ్లలను లెక్కలోనికి తీసికొనకపోవుట విచారకరము.

ఆ మూడు సీడీలలో ఒకదానితోను, ఆర్కైవ్ నుండి తెచ్చిన ఒక ప్రతితోను, పెట్టెలపై నేటికిని అంటియున్న విండోసు 7 అనుమతి చీటీల ఆధారముగా, మూడు యంత్రములను తిరిగి విండోసు 7లోనికి తెచ్చితిమి. తెర ఒక్కసారి నల్లబడి, మరుక్షణము తేటపడినది. చాచా కళ్లద్దములు తుడుచుకొని మరల చూచెను. ఈ మూడింటిపై అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఇన్‌పేజ్ నిక్షేపముగా నడచుచున్నవి. మన సంచిక రెండు భాగములును వీనిపైననే కూర్పబడుచున్నవి. పేజ్‌మేకర్ చివరి సంపుటి 2001 నాటిది. దానికి కొత్త యంత్రముతో పని లేదు. అయితే విండోసు 7కు రక్షణ సవరణలు 2020 జనవరి 14తో నిలిచిపోయినవి. కనుక ఆ మూడింటికి ఇంటర్నెట్ తీగను ఊడబీకితిమి. దయచేసి ఎవరును తగిలింపవలదు.

మరి మూడింటిలో లినక్సు ఎక్కించితిమి. అక్కడ ద్విభాషిని వెదకుకొనవలసిన అవసరమే రాలేదు. ఇంటెల్ చిప్పుల డ్రైవరు కెర్నెల్‌లోనే యున్నది. దాని పేరు ఐ915. విస్టా కాదన్న ఆ 915 పేరే! అది జి31ను ఎరుగును, జి41ను ఎరుగును. తెలుగు, ఉర్దూ రెండును యూనికోడులో టైపు చేయుటకు, నస్తాలీఖ్ లిపిలో చదువుటకు ఇబ్బంది లేదు. మొదటి దినమున మెనూలు కొత్తగా తోచినవని తోటివారు సణిగిరి. రెండవ వారమునకు ఆ సణుగుడు ఆగినది.

కొత్త కంప్యూటర్లు వలదని మేమనుట లేదు. ఈ పాతవానిపై వీడియో పాఠములు ఆగి ఆగి నడచును. రెండు జీబీల మెమరీతో నేటి వెబ్ పుటలు తెరచుట సహన పరీక్షయే. స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువు దినమున వానిని నమ్ముకొనుట మంచిది కాదు. మిగిలిన మూడింటిలో ఒకదాని మదర్‌బోర్డుపై కెపాసిటర్లు ఉబ్బి పగిలినవి. దానిని నిస్సంకోచముగా తూకమునకు పంపవచ్చును. కాని టైపు నేర్చుకొను విద్యార్థికి, సంచిక కూర్చు విద్యార్థికి, చెదరని అక్షరము చూపు పాత యంత్రము చాలును. తూకమునకు వచ్చు సొమ్ముతో ఒక్క కొత్త తెరయైనను రాదన్నది పాలకవర్గము వారికి మాకంటె బాగుగా తెలియును.

మరియొక సంగతి. గోడవైపు పండ్రెండింటిలోని విండోసు 10కును ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోసు 11 వానిని తన అర్హత జాబితాలో చేర్చుకొనదు. కనుక నేడు తొమ్మిదింటికి వచ్చిన ప్రశ్న రేపు పండ్రెండింటికిని వచ్చును. అప్పుడు మరల ఎవరో కాగితము అంటించుటకు ముందే, ప్రతి యంత్రమునకు ఒక పేజీ చొప్పున రిజిష్టరు తెరవవలెనని కోరుచున్నాము. చిప్పు పేరు, హార్డ్‌వేర్ సంఖ్య, 32 బిట్లా 64 బిట్లా, ఏ డ్రైవరు ఎక్కినది, దాని ప్రతి ఎక్కడ కలదు - ఇంతమాత్రము చాలును. డ్రైవరు ప్రతులు రెండు పెన్ డ్రైవులలో, ఒకటి గ్రంథాలయమునను, ఒకటి ప్రిన్సిపాల్ గారి కార్యాలయమునను ఉండవలెను. మేము బాగుచేసిన ఆరింటికి ఆ పేజీలు వ్రాసి చాచా వద్ద ఉంచితిమి.

మిగిలిన రెండింటిలో ఇంకను సైగల భాషయే నడచుచున్నది. వానికి రెండు శనివారముల పని కలదు. పరీక్షల కారణముగా ప్రస్తుతము కంప్యూటరు గదికి తాళము వేసి యున్నది. వేసవి సెలవులకు ముందు ఆ తాళపుచెవి మాకు ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాము.