లేఅవుట్ వేసినవారే బడికీ కట్టాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల శివార్లలో నిన్నటిదాకా టమాటా, వేరుశనగ పండిన చేలల్లో ఇప్పుడు సున్నం కొట్టిన హద్దురాళ్లు కనిపిస్తున్నాయి. ముందు ఒక కమాను, లోపల గ్రావెల్ రోడ్డు, చుట్టూ రంగు జెండాలు. చేతికిచ్చే కరపత్రంలో ‘పేరున్న స్కూళ్లకు అయిదు నిమిషాల దూరం’ అన్న ఊరింపు. బడి పేరు చెప్పి గజం ధర పెంచుకుంటున్న రియల్టర్ ఆ బడికి ఇస్తున్నదేమీ లేదు. ఈ పద్ధతి ఇక చెల్లదు. పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో కొత్తగా వేసే ప్రతి లేఅవుట్‌పైనా, కట్టే ప్రతి అపార్ట్‌మెంట్‌పైనా పాఠశాల రుసుం విధించాలి.

ఇదేమీ వింత కోరిక కాదు. లేఅవుట్ వేసేవారు పార్కుల కోసం పది శాతం స్థలం వదలాలని నిబంధన ఉంది. అనుమతి లేని లేఅవుట్లో స్థలం కొన్నవారి నుంచి 2020 నాటి క్రమబద్ధీకరణ పథకం ఆ ఖాళీ స్థలం లోటు కిందే ప్లాటు విలువలో 14 శాతం కట్టమంది. ఇల్లు కడితే నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. పార్కుకూ, కూలీకీ, పుస్తకానికీ లెక్క కట్టిన ప్రభుత్వానికి ఆ ఇళ్లలో పెరిగే పిల్లలు చదువుకునే తరగతి గది మాత్రం ఎందుకు గుర్తుకు రాలేదు?

విద్యాహక్కు చట్టం అమలు నిబంధనల ప్రకారం ఇంటికి కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల లోపు ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలి. ప్రాథమిక స్థాయిలో ముప్పై మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. ఊరు పెరిగిన దిక్కున బడి పెరగకపోతే ఈ దూరాల లెక్క కాగితం దాటదు. 2020 డిసెంబర్ 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా కుటుంబాలకు పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున స్థలాలు ఇచ్చారు. వాటిలో ఎన్నో ఊరికి దూరంగా పడ్డాయి. ముందు ఇళ్లు లేస్తే చాలు, బడి సంగతి తర్వాత చూద్దామన్నదే ప్రభుత్వాల వరస. 2019లో మొదలైన ‘నాడు-నేడు’ పథకం తొలి విడతలో 15,715 బడులకు మరమ్మతులు చేశారు. అవన్నీ అప్పటికే ఉన్న బడులు. కొత్త కాలనీకి కొత్త గది ఎవరి డబ్బుతో కట్టాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

పొరుగునే ఉన్న కర్ణాటకను చూడండి. బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం లేఅవుట్లలో పార్కులకు పదిహేను శాతం, దానికి అదనంగా పౌర సదుపాయాలకు పది శాతం స్థలం వదలమంటుంది. ఈ సదుపాయాల స్థలాలను అక్కడ ‘సీఏ సైట్లు’ అంటారు, వాటి గురించి కుప్పం జనానికి చెప్పనక్కర్లేదు. కాలిఫోర్నియాలో 1986 చట్టం కొత్త ఇంటి చదరపు అడుగుల లెక్కన రుసుం వసూలు చేసుకునే అధికారాన్ని స్థానిక స్కూలు డిస్ట్రిక్టులకు ఇచ్చింది. ఆ రాష్ట్రంలో కొత్త ఇళ్లు కొన్న మనవాళ్లలో చాలామంది ధరలో కలిపి ఆ రుసుమూ మోసినవారే.

కొనేవాడి నెత్తిన మరో బరువు పడుతుందన్నది రియల్టర్ల అభ్యంతరం. లెక్క చూద్దాం. గజానికి యాభై రూపాయలు అనుకుంటే, అయిదు సెంట్ల స్థలం, అంటే 242 గజాలకు పన్నెండు వేల చిల్లర, అదీ ఒక్కసారే. దగ్గరలో బడి లేక పిల్లల బస్సుకు ఏటా కడుతున్న డబ్బు పక్కన పెట్టి చూస్తే ఏది బరువో తల్లిదండ్రులకే తెలుస్తుంది. పది ఎకరాల లేఅవుట్లో రోడ్లు, పార్కులు పోను 29 వేల గజాలు మిగిలితే పద్నాలుగు లక్షల పైచిలుకు వస్తుంది. దాంతో పెద్ద బడి కట్టలేకపోవచ్చు. ఉన్న బడికి అదనపు గదులు, మరుగుదొడ్లు, ప్రహరీ సమకూర్చవచ్చు.

అసలు భయం వేరే ఉంది. వసూలైన సొమ్ము ఖజానాలో కలిసిపోతే? కార్మిక సెస్సు నిధులు ఖర్చు కాకుండా మూలుగుతున్నాయని సుప్రీంకోర్టే మందలించింది. పురపాలికలు వసూలు చేసిన గ్రంథాలయ సెస్సు బకాయిల కోసం గ్రంథాలయ సంస్థలు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. రుసుం అంటే కట్టినవాడికి తగిన సేవ అందాలని 1954లోనే శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఆధారం లేకుండా పన్ను వేయరాదని రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతోంది. అందుకే ఇది మెమోతో, మౌఖిక ఆదేశంతో సాగే పని కాదు. 2016 నాటి పట్టణాభివృద్ధి సంస్థల చట్టానికి శాసనసభలోనే సవరణ తేవాలి.

ఆ సవరణలో అయిదు మాటలు తప్పనిసరిగా ఉండాలి. వసూలైన ప్రతి రూపాయీ వేరే ఖాతాలో ఉండాలి. ఆ లేఅవుట్‌కు మూడు కిలోమీటర్ల లోపలి ప్రభుత్వ బడికే ఖర్చు కావాలి. అయిదేళ్లలో వాడకపోతే ప్లాటు యజమానికి వడ్డీతో తిరిగివ్వాలి. పేదల ఇళ్లకు పూర్తి మినహాయింపు ఇచ్చి, ఆ వాటాను ప్రభుత్వమే జమ చేయాలి. పెద్ద లేఅవుట్ల నుంచి డబ్బుకు బదులు స్థలమే తీసుకుని, విద్యాశాఖ పేరిట రిజిస్టర్ చేయించాలి. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కుప్పం కూడా ఇదే పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంది గనుక, తొలి అడుగు అక్కడే పడాలి. బడి వాటా తేలనిదే ఏ లేఅవుట్‌కూ తుది అనుమతి ఇవ్వకూడదు.