చెరసాలలో రాసిన అక్షరం ఎవరిది?

2022 చివరినాటికి మన దేశపు జైళ్లలో 23,772 మంది స్త్రీలు ఉన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వారిలో 1,537 మంది తమతోపాటు 1,764 మంది పసిబిడ్డలను కూడా లోపలే పెంచుతున్నారు. మొత్తం ఖైదీలలో నూటికి డెబ్బై అయిదుగురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 14.2 శాతం ఉన్న ముస్లింలు ఈ విచారణ ఖైదీలలో దాదాపు అయిదో వంతు ఉన్నారు. జైలులోని స్త్రీ గురించి పోలీసులు రాస్తారు, న్యాయవాదులు రాస్తారు, పత్రికలు రాస్తాయి. ఆమె తన గురించి తాను రాసుకొనే చోటు మాత్రం అరుదు.

అందుకే మహిళా జైళ్లలో కుట్టుపనితోపాటు రచనా శిక్షణ కూడా ఉండాలని మేము కోరుతున్నాము. అయితే తరగతి పెట్టడం సులభం. అక్కడ పుట్టిన అక్షరం రాసినవారి సొంతమని ఒప్పుకోవడమే కష్టం.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రపు యార్క్ మహిళా జైలు అనుభవం దీనికి సాక్ష్యం. నవలాకారుడు వాలీ లాంబ్ 1999లో అక్కడ రచనా తరగతులు ప్రారంభించారు. ఆ స్త్రీలు రాసిన ఆత్మకథనాలు 2003లో పుస్తకంగా వెలువడ్డాయి. తరగతి నడిచినంతకాలం అభ్యంతరం చెప్పని ప్రభుత్వం, వారికి కొద్దిపాటి పారితోషికం అందబోతున్నదని తెలియగానే జైలులో ఉంచినందుకు రోజుకు 117 డాలర్ల చొప్పున చెల్లించాలని వారిపై దావా వేసింది. వారిలో ఒకరిని 2004లో పెన్ సంస్థ పురస్కారంతో గౌరవించింది. విమర్శలు వెల్లువెత్తాక ప్రభుత్వం రాజీకి వచ్చింది.

మన దేశంలో ఈ హక్కుకు ఆధారం ఏనాడో ఉంది. నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ సంజ్‌గిరి మరాఠీలో ఒక విజ్ఞానశాస్త్ర గ్రంథం రాసి, ప్రచురణకై రాతప్రతిని బయటికి పంపబోతే మహారాష్ట్ర ప్రభుత్వం నిరాకరించింది. నిర్బంధ నియమాలు నిషేధించని పనిని అధికారులు అడ్డుకోజాలరని సుప్రీంకోర్టు 1965లో స్పష్టం చేసింది. ఆ తీర్పు ఫలం నేటి మహిళా బ్యారక్‌కు చేరాలి.

చంచల్‌గూడలోగాని, రాజమహేంద్రవరంలోగాని ఇటువంటి తరగతి నడపదలచితే కొన్ని షరతులు తప్పనిసరి. తెలుగుతోపాటు ఉర్దూలోనూ బోధన ఉండాలి. దక్కనీలో దుఃఖించే స్త్రీ పరాయి భాషలో తన మనసు విప్పలేదు. చదువు రానివారు చెబితే రాసిపెట్టే మనిషి ఉండాలి. విచారణ ఖైదీని ఆమె కేసు గురించి రాయమని అడగరాదు. ఆమె కాగితాలు దర్యాప్తు అధికారుల చేతికి పోరాదు. రాతప్రతిపైనా, దానిపై వచ్చే ప్రతి రూపాయిపైనా హక్కు ఆమెదే కావాలి.

ఇది తీరిక వేళల వినోదం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బిడ్డ తల్లితో జైలులో ఉండగలిగేది ఆరేళ్ల వయసు వరకే. ఆ తర్వాత వారి మధ్య మిగిలే వంతెనలు ములాఖత్, ఉత్తరం. ములాఖత్‌కు ఎవరూ రాని తల్లికి ఉత్తరం ఒక్కటే దిక్కు.

ఇక్కడ మన బాధ్యత కూడా ఉంది. కొడుకు జైలుకు వెళితే బెయిలు కోసం ఇల్లు తాకట్టు పెట్టే కుటుంబాలు, కూతురు వెళితే పరువు పేరిట ఆమె ఊసే ఎత్తవు. బద్ర్ యుద్ధ ఖైదీలలో అక్షరజ్ఞానం ఉన్నవారు మదీనా పిల్లలకు చదువు చెబితే దానినే వారి విడుదలకు పరిహారంగా మహాప్రవక్త (స) అంగీకరించారని సీరా గ్రంథాలు చెబుతున్నాయి. ఖైదీలను గురువులుగా చూసిన సంప్రదాయం మనది. ఉర్దూ ఉపాధ్యాయినులు, న్యాయవాదులు, మహిళా సంఘాలు కలసి జైళ్ల శాఖకు వినతిపత్రం సమర్పించాలి. వారానికి ఒక్క పూట బోధించడానికి తామే ముందుకు రావాలి. లోపలి నుంచి ఉత్తరం వచ్చిన ప్రతి ఇల్లూ దానికి జవాబు రాయాలి.